పుస్తెలతాడు మింగిన ఇంజను

దెబ్బతిన్న బండ్లకు విలువ కట్టడం నా బతుకుదెరువు. ఇన్సూరెన్సు వాళ్ళ తరఫున సర్వేయరును. రఘునాథపల్లి దాటాక హైవే మీద ఎవడో కునికిపాటు పడి కారును డివైడరు ఎక్కించాడనుకోండి. ముందు దేవుడికి దండం పెట్టుకుంటాడు, తర్వాత ఫోనులో పెళ్ళాం చేత తిట్లు తింటాడు, ఆ తర్వాత నన్ను పిలుస్తాడు. నేను పోయేసరికి ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. "మేడం, ఎంతొస్తది?" అని అందరూ ఒక్క గొంతుతో అడుగుతారు. ఓనరు అడిగాడంటే అర్థముంది. పక్కన కంకులు కాల్చే ఆవిడకెందుకు? అయినా అడుగుతుంది. తక్కువ చెబితే ఓనరు కంటే ఆవిడే ఎక్కువ బాధపడుతుంది.

ఈ పనిలో పడ్డాక నా నోరు బాగా పెరిగింది. బర్రె అడ్డమొచ్చిందని చెప్పి, ఎప్పటెప్పటి సొట్టలనో ఆ బర్రె నెత్తిన రుద్దాలని చూసే మహానుభావులు రోజుకొకరు తగులుతారు. "అన్నా, ఆ బర్రె ముందు గుద్దిందా, వెనక గుద్దిందా, లేకపోతే కారు చుట్టూ ప్రదక్షిణం చేసిందా?" అని మొహం మీదే అడుగుతాను. ఇంత నోరున్నదాన్ని, మా పెద్దబాపు ఇంజనుకు ధర కట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం నీళ్ళు నమిలాను.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. కొత్తవాడలో ఇంటి వెనకే ఆయనకు మరమగ్గాల షెడ్డు ఉండేది. దుప్పట్లు, తువ్వాళ్ళు నేయించేవాడు. ఆ షెడ్డు మూలన, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ, ఒక ఇంజను కూర్చుని ఉండేది. విలాయతి స్పోర్ట్స్ కారుది. ఆ కారుకు రెండే సీట్లు, నెత్తిన కప్పు లేదు. ఎండకు మాడడానికీ వానకు తడవడానికీ అంతంత డబ్బు పోసి కొనుక్కునేవాళ్ళను ఒకప్పుడు దొరలనేవారు, ఇప్పుడు కలెక్టర్లు అంటున్నారు. జిల్లా కలెక్టర్లు కాదు, పాత కార్లు పోగేసుకునేవాళ్ళు. ఆ రెండు సీట్ల కారును ఒక దొర కొడుకు వడ్ల బండికి తీసుకెళ్ళి గుద్దాడు. బండికి ఏమీ కాలేదు. ఎద్దులకూ ఏమీ కాలేదు. కారు మాత్రం అప్పడంలా నలిగింది. ఒళ్ళంతా తుక్కు కింద పోగా, మిగిలిన ఇంజను ఒక మెకానిక్ షెడ్డుకు చేరింది. మగ్గానికి బెల్టు కొనడానికి పోయిన పెద్దబాపు, బెల్టు సంగతి మరిచిపోయి ఆ ఇంజను ముందు నిలబడిపోయాడు.

అవి కరెంటు కోతల రోజులు. మగ్గం ఆడిందంటే కరెంటు దయ. ఆ ఇంజనుకు ఒక డైనమో బిగిస్తే ఎవడి దయా అక్కర్లేదని పెద్దబాపు లెక్క వేశాడు. లెక్క బాగానే ఉంది, చేతిలో పైసలే లేవు. అప్పుడు ఆయన కన్ను పెద్దమ్మ మెడ మీద పడింది. మెడలో తల్లిగారు పెట్టిన బంగారు పుస్తెలతాడు ఉంది. "ఆర్నెల్లల్ల దీనికి రెండింతల తాడు చేపిస్తనే" అన్నాడట. ఆ రాత్రి పెద్దమ్మ పుస్తెలు విప్పి పసుపు తాడుకు గుచ్చుకుంది. తెల్లారి బంగారం పోయింది, మధ్యాహ్నానికి ఇనుము వచ్చింది.

ఇంజను మొదలుపెట్టిన రోజు వాడకట్టంతా వచ్చిందట. చెవులు మూసుకుని మరీ చూశారట. చెప్పొచ్చేదేమిటంటే, అది పందేల కోసం పుట్టిన ఇంజను. దానికి నడక తెలియదు. పడుకోవడం తెలుసు, దౌడు తీయడం తెలుసు. అది దౌడు తీస్తే మగ్గాలు కూడా దౌడు తీశాయి. నూలు పటపటా తెగింది. అటూ ఇటూ పేక నూలు మోసే నాడె ఒకటి మగ్గంలోంచి ఎగిరి, కిటికీలోంచి బయటపడి, పక్కింటివాళ్ళ అన్నం కుండను పగలగొట్టింది. దానికితోడు ఒక దుప్పటి దిగేలోపు రెండు దుప్పట్ల ఖరీదు పెట్రోలు తాగేది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టుండేది యవ్వారం. వారం తిరక్కుండానే ఇంజను మూలన పడింది.

పెద్దమ్మ ఏడవలేదు. ఏడిస్తే ఆమె పెద్దమ్మ ఎందుకవుతుంది? అందరి ముందూ ఒక్క మాట అంది. "గీ ఇంజను తెచ్చిన పైసలతోనే మల్ల బంగారమేసుకుంట. అప్పటిదాంక గీ పసుపు తాడే. సచ్చినా గీ తాడుతోనే పోత." తర్వాత మంచి రోజులు రాలేదని కాదు. మగ్గాలు నిలదొక్కుకున్నాయి, పైన ఒక అంతస్తు లేచింది. రెండు మూడుసార్లు పెద్దబాపు తాడు చేయిస్తానని నోరు తెరిచాడు. "ఇంజను అమ్మినవా?" అని ఆమె అడిగేది. ఆయన నోరు మూసుకునేవాడు. పెళ్ళిళ్ళకు పోతే చుట్టాలు ఆమె మెడ చూసి, తర్వాత ఆయన మొహం చూసేవాళ్ళు. ఆయన పందిట్లో కూర్చోకుండా వంటలవాళ్ళ దగ్గరికి పోయి నిలబడేవాడు.

అయితే పైకి మాత్రం తగ్గేవాడు కాదు. "ఏనుగు సచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే. గది ఇనుము గాదు, మీ పెద్దమ్మ బంగారం. దాంట్ల దాసిపెట్టిన" అనేవాడు. ప్రతి దసరాకు ఆ ఇంజనుకు పండగే. వెండి రంగు పెయింటు వేసేవాడు, పసుపు కుంకుమలు పెట్టేవాడు, నిమ్మకాయ కోసేవాడు, కొబ్బరికాయ కొట్టేవాడు. ఆ తర్వాత చొక్కా విప్పి, పుల్లీ పట్టుకుని ఇంజనును చేత్తో తిప్పేవాడు. దేవుడి చుట్టూ మనం తిరుగుతాం, ఈయన దేవుణ్ణే తిప్పుతాడు. పండగ పొద్దుగూకేసరికి పెద్దమ్మ వచ్చి ఉల్లిగడ్డల బుట్టను మళ్ళీ దాని నెత్తిన పెట్టేది.

ఈమధ్య మగ్గాలు అమ్మేశారు. ఇద్దరికీ చేతకావడం లేదు. షెడ్డును నీళ్ళ క్యాన్ల ప్లాంటు పెట్టుకునే ఆయనకు కిరాయికిచ్చారు. ఆయన వచ్చి చూసి, "గా మూలకున్న గుండు తీసెయ్యాలె" అన్నాడు. బండరాయిని అన్నట్టు గుండు అన్నందుకు పెద్దబాపు ఆ పూట అన్నం తినలేదట. పాత ఇనుప సామాన్లాయన వాకిట్లోకి వచ్చి కాంటా కూడా దించాడు. అప్పుడు పెద్దబాపు నాకు ఫోను చేశాడు.

"బిడ్డా, నువ్వు బండ్లకు రేటు కడతవు గదా. జర దీనికి గూడ కట్టు" అన్నాడు. గొంతు తగ్గించి, "రేటు తక్కువైతే మాత్రం మీ పెద్దమ్మ ముందల చెప్పకు. నా చెవుల చెప్పు" అన్నాడు. సరే అని పెట్టేశానో లేదో మళ్ళీ మోగింది. ఈసారి పెద్దమ్మ. బావి దగ్గరికొచ్చి మాట్లాడుతోంది, బొక్కెన చప్పుడు వినిపిస్తోంది. "చూడు బిడ్డా, రేటు ఎక్కువొస్తే మీ పెద్దబాపు ముందల అనకు. ఇగ పట్టలేం గాయినను. నా మీద మీసం మెలేసుకుంట తిరుగుతడు. నా చెవుల చెప్పు." ఇద్దరికీ తెలియాలి, ఇద్దరికీ తెలియకూడదు. ఆ ఇద్దరి కాపురం మొత్తం ఇదే పద్ధతిలో నడిచింది.

పాత కార్ల పిచ్చివాళ్ళు కూడే వాట్సాప్ గుంపు ఒకటుంది. అందులో ఫొటోలు పెట్టాను. ఉల్లిగడ్డల బుట్ట తీయడం మరిచిపోయాను. ఒకాయన "ఆ బుట్ట కూడా ఒరిజినలేనా?" అని అడిగాడు. ఆ గుంపులో మనుషులు అలా ఉంటారు. తుప్పును చూసి మురిసిపోతారు, కొత్త రంగును చూసి ఏడుస్తారు. సాయంత్రానికి హైదరాబాద్ నుంచి ఒకాయన ఫోను చేశాడు. కాన్పు గది బయట తిరిగే మగాడిలా ఆయాసపడుతున్నాడు. అలాంటి కార్లను మళ్ళీ నిలబెట్టి అమ్మడం ఆయన వ్యాపారమట. ఇంజను చేత్తో తిరగాలి, బ్లాకు పగలకూడదు, పుట్టినప్పుడు కొట్టిన నంబరు దాని మీద చెక్కుచెదరకుండా ఉండాలి. ఈ మూడూ ఉంటే ఇంత ఇస్తానని ఒక మాట అన్నాడు. అది విని నేను స్కూటీ రోడ్డు పక్కకు ఆపి కూర్చున్నాను. ఆ డబ్బుతో పెద్దమ్మకే కాదు, ఇంట్లో ఆడవాళ్ళందరికీ తాళ్ళు చేయించి, మిగిలిన దాంతో ఉల్లిగడ్డలకు వెండి బుట్ట కొనొచ్చు.

"నంబరు ఫొటో పంపండి మేడం" అన్నాడు. పెయింటు కింద ఉంటుంది లెండి అన్నాను. "పంపొద్దు, నేనే వస్తాను, ఆదివారం" అన్నాడు. ఆగేటట్టు లేడు.

ఆదివారం పొద్దున్నే స్పానరు, టార్చిలైటు, ఒక సీసా కిరసనాయిలు పట్టుకుని పోయాను. ఇంజను విలువ చూడడం పెళ్ళిచూపులకు పోయినట్టే. పైన పూసిన రంగు చూడకూడదు. ముందు నూనె పుల్ల బయటికి తీశాను. నూనె మజ్జిగలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్ళు దిగాయని, పని అయిపోయిందని అర్థం. నల్లగా, చిక్కగా ఉంది. మంచిదే. టార్చి వేసి బ్లాకు చుట్టూ పగుళ్ళు వెతికాను. లేవు. ప్లగ్గులు విప్పి, ఒక్కో రంధ్రం మీద బొటనవేలు అదిమి పట్టి, "తిప్పు పెద్దబాపూ" అన్నాను. ఆయన చొక్కా విప్పి పుల్లీ పట్టాడు. ఇన్ని సంవత్సరాలు మూలన పడున్న ఇనుము, కిర్రుమనకుండా, వెన్న తీసినట్టు తిరిగింది. లోపలి గాలి నా వేలిని నెట్టుకుని ఫుస్సుమని బయటికొచ్చింది. నాలుగు రంధ్రాలూ అలాగే నెట్టాయి. దసరా దసరాకు తిప్పిన పుణ్యం. నాకు ఒళ్ళు పులకరించింది, నిజం చెబుతున్నాను.

"విన్నవా? పాణమున్నది" అన్నాడు పెద్దబాపు. కళ్ళు తుడుచుకున్నాడు, చెమట అని చెప్పాడు. వచ్చేవాళ్ళకు మిర్చి బజ్జీలు తెస్తానని, లోపల మీసం దువ్వుకుని మరీ బజారుకు పోయాడు.

ఇక నంబరు. ఆ ఇంజనుకు పక్కన, అరచేయంత చదునైన చోటు ఒక్కటే ఉంటుంది, నంబరు కొట్టేది అక్కడే. మిగతా ఇంజనంతా వెండి రంగు, ఆ చోట మాత్రం రంగు లేదు. పసుపు. ఏళ్ళ తరబడి పెట్టిన పసుపు మీద పసుపు గట్టిపడి పెచ్చు కట్టింది. కిరసనాయిలులో గుడ్డ ముంచి రుద్దాను. పెచ్చు లేచింది. అక్షరాలు కనిపించాయి. టార్చి దగ్గరగా పెట్టాను. అంకెలు కావు, ఇంగ్లీషు కాదు. తెలుగు. చుక్కలు చుక్కలుగా, ముందు ఇంటిపేరు పొడి అక్షరం, తర్వాత మా పెద్దమ్మ పేరు. ఇంట్లో చెంబుల మీద, కొప్పెరల మీద, తాంబాళాల మీద ఉన్నట్టే, అదే రాత.

మన ఇళ్ళలో పేరు లేని గిన్నె ఉంటుందా? బోనాల పండగకో బారసాలకో పోయిన గిన్నె తిరిగి ఇంటికి రావాలంటే దాని మీద పేరుండాలి. దుకాణంలో గిన్నె కొనగానే, పేర్లు కొట్టేటాయన ఉలీ సుత్తె పట్టుకుని టకటకమని కొట్టి ఇస్తాడు. పుట్టింటి గిన్నె అయితే ఆడమనిషి పేరు, అత్తింటి గిన్నె అయితే మగాడి పేరు. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు కొట్లాట లేకుండా తేల్చేది ఆ పేర్లే. అంతవరకూ బాగుంది. కానీ ఇంజను మీదా?

"పెద్దమ్మా!" అని కేక వేశాను. పిండి చేతులతో వచ్చింది. చూసి మురిసిపోయింది. "అరె, ఎంత మంచిగ కొట్టిండు! ఇప్పటికీ చెక్కుచెదరలే" అంది.

"ఇది ఎవరు కొట్టించారు?"

"ఇంకెవరు, నేనే. మీ బాపూ మీ పెద్దబాపూ ఏరుపడేటప్పటి ముచ్చట. నువ్వు పొట్టి పోరివి, నీకెరుక లేదు. మీ బాపు దీని మీద కన్నేసిండు. అన్న కొన్నది ఉమ్మడి ఆస్తేనన్నడు. నా పుస్తెలతాడు పెట్టి కొన్నది ఉమ్మడి ఎట్లయితదే? గిన్నెల దుకాణం కాడికి నేనే పోయి, పేర్లు కొట్టేటాయనను తోలుకొచ్చిన. మీ పెద్దబాపు నూలు కోసం పోయి రెండొద్దులు ఊర్లనే లేడు. ఆయనొచ్చిన తెల్లారి పెద్దమనుషులు వచ్చి పేరు చదివిన్రు. ఇగ మీ బాపు మొఖం చూడాలె!" అని నా ముందే మా బాపును తలుచుకుని పడీ పడీ నవ్వింది.

"మరి ఇక్కడ నంబరు ఉండాలి కదా?"

"ఉండె, ఏవో పిచ్చి నంబర్లు. ఇనుమంత గరుకుగున్నది, గీడనే చదునుగున్నదన్నడు. గీకి పారెయ్యమన్న. ఆకురాయితోని పొద్దంత రాకిండు పాపం. చాయ్ పోసిన. గా ముచ్చట మీ పెద్దబాపుకు నేను చెప్పలే, ఆయన అడగలే." నా మొహం చూసి ఆగింది. "ఏందే, గట్ల చూస్తానవ్?"

కొంప ముంచావు పెద్దమ్మా, అందామనుకున్నాను. పాత ఇంజనుకు ఆ నంబరే జాతకం. అది గీకేసి ఉందంటే ఏ కారుదో తెలియదు, దొంగదో దొరదో తెలియదు, కాగితాల మీదికి ఎక్కదు. విడిభాగాలు తప్ప మిగిలిందంతా తూకం కింద పోయే ఇనుమే. ఆమె మెడలో పసుపు తాడు చెమటకు తడిసి ఉంది. ఏమీ లేదన్నాను. ఆ మాట నోట్లో ఉండగానే బయట కారు హారన్ మోగింది.

హైదరాబాదాయన షెడ్డు గడప దగ్గర బూట్లు విప్పాడు. తిరుపతి కొండ మీద కూడా అంత వినయంగా ఉంటాడని నేననుకోను. ఇంజనును తడిమాడు, వాసన చూశాడు, పుల్లీ తిప్పి "అమేజింగ్" అన్నాడు. పక్కనున్న రెండు కార్బురేటర్లను చూసి అయ్యో అయ్యో అని ఆనందంతో మూలిగాడు. బజ్జీల పొట్లంతో పెద్దబాపు, కొంగుతో చేతులు తుడుచుకుంటూ పెద్దమ్మ, చెరో పక్క నిలబడ్డారు. పెద్దబాపు మీసం మీద చెయ్యి వేశాడు. పెద్దమ్మ నాకు కళ్ళతో సైగ చేసింది, చెప్పకు అని. ఇక హైదరాబాదాయన టార్చి తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ చదునైన చోట వెలుగు వేశాడు.

చాలాసేపు లేవలేదు. లేచినప్పుడు ఆయన మొహంలో కళ లేదు. "నంబరేది? ఎవరో గీకేశారు! ఏదో పేరు చెక్కారు!" అన్నాడు. తర్వాత, ఎవరూ అడక్కుండానే, నంబరుంటే ఇంత ఇచ్చేవాణ్ణని నాతో ఫోనులో చెప్పిన ధర అందరి ముందూ చెప్పేశాడు. "ఇప్పుడిది స్క్రాప్ అండీ. ఏ తలకాయ లేనివాడు చేశాడండీ ఈ పని?"

రేటు ఎక్కువా బయటపడింది, తక్కువా బయటపడింది. చెవిలో చెబుతానని ఇద్దరికీ ఇచ్చిన మాట ఇలా నెరవేరింది. నేను పెద్దమ్మ వైపు చూడలేకపోయాను, అయినా చూశాను. జీవితంలో ఒక్కసారి ఆమెకు మాట దొరకలేదు. మొహం పాలిపోయింది. చెయ్యి పసుపు తాడు దగ్గరికి పోయి అక్కడే ఆగింది. ఇన్నేళ్ళు ఏ ఇనుమును చూపించి మొగుణ్ణి దెప్పిందో, అది నిజంగానే బంగారమట. దాన్ని మన్ను చేసింది తానట. పెద్దబాపు నెగ్గాడు. ఆయన ఒక్క మాట అంటే చాలు. ఈ జన్మకు ఆమె నోరు లేవదు.

పెద్దబాపు ఆమెను చూశాడు. తర్వాత ఇంజను మీది పేరును చూశాడు. బజ్జీల పొట్లం నా చేతిలో పెట్టాడు.

"నేనే" అన్నాడు. "నేనే గీకిచ్చిన. ఏవో నంబర్లు, పనికిరానియనుకున్న."

"మీరా? ఎందుకండీ?"

"నా పెండ్లం పేరు కొట్టిద్దామని. జాగ సాలలే."

హైదరాబాదాయన గడ్డం గోక్కున్నాడు. వ్యాపారి వ్యాపారే, తేరుకోవడానికి ఎంతసేపు? గొంతు తగ్గించి, "పోనీ అంకుల్, ఒక పని చేద్దాం. ఈ పేరు కొంచెం గ్రైండ్ చేయించేసి, ఒక మంచి నంబరు కొట్టించుకుంటాను. నాకు తెలిసినవాళ్ళున్నారు. అప్పుడు అదే రేటు ఇస్తా. మీకూ లాభం, నాకూ లాభం" అన్నాడు.

నాకు నషాళానికి అంటింది. "ఏమయ్యా, నేనేం చేస్తానో నీకు తెలుసా? దొంగ నంబర్లు పట్టుకోవడం నా పని. నా ముందర నిలబడి..." అని అందుకున్నాను. పెద్దబాపు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు బిడ్డా. ఇగో సారూ, గా పేరు మీద ఆకురాయి పెట్టుడు నడువది. పేరు లేని ముక్క ఏదన్నుంటే తీస్కపో. పేరున్నది నా ఇంట్లనే ఉంటది."

ఆ ఒక్క వాక్యంతో బేరం తేలిపోయింది. పేరు లేని ముక్కలన్నీ హైదరాబాదాయన వెతుక్కున్నాడు. రెండు కార్బురేటర్లు, ఇంకొన్ని ఇత్తడి సామాన్లు ఊడదీసి, పాత తువ్వాలలో పసిపిల్లల్లా చుట్టుకున్నాడు. వాటికి ఆయన చెప్పిన రేటు విని పెద్దమ్మకు నోరు తిరిగొచ్చింది. "గీ రెండు చెంబులకా?" అంది. గట్టిగానే అంది. ఒక సన్నటి తాడుకు సరిపోయేటట్టే ఉంది. పెద్దబాపు మీసం చాటున నవ్వుకున్నాడు. చాలా చిన్న నవ్వు, కానీ చూశాను.

కారు అటు కదిలిందో లేదో, ఇటు పెద్దమ్మ మొదలుపెట్టింది. "ఏమయ్యా, నీకు బుద్ధున్నదా? నంబరు గీకిచ్చెటందుకు నీ చెయ్యెట్లొచ్చింది? లచ్చిమి కాళ్ళిరగ్గొట్టినవ్ గదయ్యా! గింత తెలివిగల్లోనివి నువ్వు మగ్గాలెట్ల నడిపినవయ్యా? నీ చేతులు వడిపోను, నీ ఆకురాయి గంగల గలువ!" కొత్తవాడ మొత్తం వింది. పక్కింటావిడ గోడ మీది నుంచి తొంగిచూసి, రోజూ ఉండేదే అని మళ్ళీ కిందికి దిగింది. పెద్దబాపు గడప మీద కూర్చుని ఒక్కో బజ్జీ తుంచుకుని తింటూ, మధ్య మధ్యలో "అవునే, తప్పే" అన్నాడు. పొద్దున్నుంచి అంత నిమ్మళంగా ఆయన కనపడలేదు.

నేను స్పానర్లు సర్దుకుని బయల్దేరితే, పెద్దమ్మ తిట్లు ఆపకుండానే నా వెంట గేటు దాకా వచ్చింది. గేటు దగ్గర మాత్రం ఆపింది. వెనక్కి తిరిగి చూసి, ఆయనకు వినిపించదని రూఢి చేసుకుంది. కళ్ళ నిండా నీళ్ళు.

"విన్నవా బిడ్డా, ఎంత ముద్దుగ అబద్ధమాడిండో" అంది. "గా దినం ఊర్లనే లేడు మనిషి. నాకు యాదికి లేదనుకుంటాండు."

"మరి తెలిసీ ఎందుకే అన్ని తిట్లు తిట్టినవ్?" అన్నాను. నా నోట కూడా ఊరి మాటే వచ్చేసింది.

"తిట్టకపోతే నాకెరుకైందని ఆయనకెరుకైతది గదనే పిచ్చిదానా!"

ముక్కు చీదుకుంది. కొంగు నడుముకు దోపుకుంది. లోపలికి తిరుగుతూనే, మూడిళ్ళ అవతలికి వినిపించేలా మళ్ళీ అందుకుంది.

"ఏమయ్యో, నంబరు గీకినోడా! చాయ్ పెట్టాల్నా?"